బోర్లించిన గ్లాసు

ఈ చలి దేశంలో, మేముండే ఒషావా ఊళ్ళో ఎయిర్‌పోర్ట్ వెనక ఒక రోడ్డుంది. ఆ రోడ్డు చివర, ఇంక ఇళ్ళే లేవనుకున్న చోట, ఒకే ఒక్క ఇల్లు. ఎర్ర ఇటుకల ఇల్లు. మేడ మీద ఒక కిటికీ. మంచు పడే రాత్రుళ్ళు మన తెలుగు పిల్లలెవరూ అటు డెలివరీకి వెళ్ళరు. ఆర్డర్ వచ్చినా క్యాన్సిల్ కొట్టేస్తారు.

ఆ ఇంట్లో మనుషుల్లేరు. కరెంటు కూడా తీసేశారు. అయినా ఒక్కో రాత్రి పై కిటికీలో దీపం వెలుగుతుందని... అలా వెలిగిన రాత్రి, ఇంటికి కాస్త ఇవతల, మెయిల్‌బాక్స్ దగ్గర ఎవరో నిలబడి చెయ్యి ఊపుతాడని... కారు ఆపితే అద్దం దగ్గరికి వంగి, చక్కటి తెలుగులో అడుగుతాడని —

"తమ్ముడూ, ఆ ఇంటి దాకా దింపుతావా? లోపల చిన్న పని మిగిలిపోయింది."

పోన్లే పాపమని ఎక్కించుకున్నవాళ్ళూ ఉన్నారు. ఇంటి ముందు ఆపి వెనక్కి తిరిగి చూస్తే సీటు ఖాళీ. తడి మాత్రం ఉంటుందట.

నా పేరు రూపవతి. మాది పాలకొల్లు. ఇక్కడ ముసలివాళ్ళ హోమ్‌లో నర్సు పని. దెయ్యాలంటే నాకు నమ్మకం లేదు, ప్రార్థన చేసుకునేదానికి నాకేం భయం అని అందరితోనూ అంటుంటాను. కానీ ఆ రోడ్డు మీదికి మాత్రం కారు తిప్పను. ఒక్కసారి తిప్పాను. చాలు.

మొన్న శనివారం మా ఇంట్లో చర్చి పిల్లలకి భోజనాలు పెట్టాను. బయట మంచు కురుస్తోంది. ఏనీ, వాళ్ళ అన్న షాలేమ్ రాజు ఇంకా రాలేదు. వాళ్ళిద్దరి కోసం చేపల పులుసు మూత పెట్టి ఉంచాను. ఇంతలో ప్రజ్వల్ ఊడిపడ్డాడు. కొత్తగా వచ్చిన కుర్రాడు, వరంగల్ వాడు, సాయంత్రాలు డెలివరీ చేస్తాడు.

"సారీ ఆంటీ, లేటయింది. ఎయిర్‌పోర్ట్ వెనక రోడ్ల నుంచి వస్తున్న. అక్కడ—"

గరిటె పక్కన పెట్టేశాను.

"ఆ రోడ్డా! ఒరేయ్, నీకెవరూ చెప్పలేదా? కూర్చో ముందు. కూర్చో! చెప్తా విను."

"అది కాదాంటీ, నేను—"

"మధ్యలో మాట్లాడకు. ప్లేటు తీసుకుని కూర్చో."

నేను మొదలుపెట్టానంటే ఆగను. మా ఆయన బతికున్నప్పుడు అదే అనేవాడు. ఏనీ వాళ్ళు వచ్చేలోగా ముగించాలి కదా, వాళ్ళ ముందు చెప్పే కథ కాదు. అందుకని గబగబా మొదలుపెట్టాను. ఆ పిల్లలకి ఎలా చెప్పానో మీకూ అలాగే చెప్తాను.

ఆ ఇంట్లో గాస్పార్ గారని ఒక ముసలాయన ఉండేవాడు. ఫ్రాన్స్ దేశం ఆయన. వయసులో ఉన్నప్పుడు అక్కడి ఎయిర్‌ఫోర్స్‌లో యుద్ధవిమానాలు నడిపాడు. ఇక్కడి నర్సును పెళ్ళి చేసుకుని ఇక్కడే ఉండిపోయాడు. ఆవిడ పోయింది. పిల్లల్లేరు. వంట చేసిపెట్టి, సాయంత్రాలు తోడుండే మనిషి కావాలని మా హోమ్‌లో అడిగితే, ఏనీని నేనే పెట్టించాను.

ఏనీది నరసాపురం. అప్పుడు వీసాలు వరసపెట్టి ఇచ్చేస్తున్న రోజులు. చర్చిలో కుర్చీలు చాలక పిల్లలు గోడలకానుకుని నిలబడేవాళ్ళు. బేస్‌మెంట్లలో నడవడానికి చోటుండేది కాదు, అన్నీ పరుపులే. అంతమందిలోనూ ఏనీ, షాలేమ్ రాజు విడిగా కనబడేవాళ్ళు. అన్నాచెల్లెళ్ళు ఒకే కాలేజీలో సీటు తెచ్చుకుని వచ్చారు. అమ్మా నాన్నా లేరు. ఒకరికొకరు, అంతే. వాడు గంటకి పైగా దూరమున్న ఎటోబికోలో వేర్‌హౌస్ పని చేసుకుని, అంత దూరం డ్రైవ్ చేసుకొచ్చి, రోజూ చెల్లెల్ని ఆ ఇంటి నుంచి ఇంటికి తీసుకెళ్ళేవాడు.

షాలేమ్ రాజంటే గోల. చర్చిలో పాట ఎత్తుకుంటే శ్రుతి ఒకచోట, వాడొకచోట. తలమీద ఊలు టోపీ. ఇంట్లో ఉన్నా, చర్చిలో ఉన్నా, ఆఖరికి పాస్టర్ గారు ప్రార్థన చేస్తున్నా తీసేవాడు కాదు. "చలి ఆంటీ!" అనేవాడు. ఎన్నిసార్లు మొట్టికాయ వేశానో నాకే తెలీదు.

ఆ ముసలాయనకి ఆ టోపీ వల్లే వీడు నచ్చాడు.

గాస్పార్ గారి హాల్లో ఒక ఇత్తడి గంట వేలాడుతుండేది. వాళ్ళ స్క్వాడ్రన్, అదే విమానాల దళం, ఆచారమట. పైలట్లు కూర్చునే గదిలోకి ఎవడైనా టోపీ తీయకుండా వచ్చాడో, గంట కొడతారు, వాడు అందరికీ తాగడానికి పోయించాలి. షాలేమ్ రాజు మొదటిరోజే టోపీతో లోపలికెళ్ళాడు. ముసలాయన గంట టంగుమనిపించాడు. వీడు నవ్వి, కాఫీలు తెచ్చాడు. మర్నాడు మళ్ళీ టోపీతోనే. మళ్ళీ గంట. అదొక ఆటైపోయింది ఇద్దరికీ.

ఆ స్క్వాడ్రన్ కబుర్లన్నీ ఏనీ వచ్చి నాకు చెప్పేది. అందరికన్నా కొత్తగా చేరినవాడే కాఫీ కలపాలట. మెడకి అందరూ ఒకే రంగు కండువా కట్టుకోవాలట, వీళ్ళది పసుపుపచ్చ. బయల్దేరేటప్పుడు 'వెళ్తున్నా' అనే మాట నోట్లోంచి రాకూడదట. మన ఏనీ రాత్రి సెలవు తీసుకుంటూ 'వెళ్ళొస్తా తాతయ్యా' అని, దాని అర్థం చెప్పిందట. ఆయన కళ్ళు మెరిశాయట. "మీ ఊరివాళ్ళు అందరూ పైలట్లా ఏంటి?" అన్నాడట.

ఆకాశంలోకి ఇద్దరిద్దరుగా వెళ్తారు. ముందొకడు, పక్కనొకడు. ముందున్నవాడు పక్కవాణ్ణి దింపకుండా తను దిగకూడదు. వాడు దిగేదాకా దీపం ఆర్పకూడదు. ఇది అన్నిటికన్నా పెద్ద ఆచారం.

గాస్పార్ గారు ఒక్కసారి అది తప్పాడు. సముద్రం మీద పొగమంచు. విమానంలో ఇంధనం అయిపోతోంది. ఆయన ముందు దిగేశాడు. పక్కన ఎగిరినవాడు — లుసియాన్ అని, ఇరవై రెండేళ్ళవాడు — దిగలేదు. మనిషీ దొరకలేదు, విమానమూ దొరకలేదు.

అప్పట్నుంచి, పెళ్ళయి, దేశం మారి, ముసలివాడై కూడా, ఆయన రోజూ పొద్దుగూకగానే మేడమీద కిటికీలో దీపం పెట్టేవాడు.

"ఆంటీ," అన్నాడు ప్రజ్వల్, "దీపమంటే — ఇప్పుడే నేను—"

"ఉండరా! అన్నం చల్లారిపోతోంది, తిను."

హాల్లో ఒక అద్దాల అల్మరా. అందులో చిన్న చిన్న వెండి గ్లాసులు. స్క్వాడ్రన్‌లో ఒక్కొక్కడికీ ఒకటి, పేరు చెక్కించి. అందరూ పోయాక ఆఖరుకి మిగిలినవాడి దగ్గర అవన్నీ ఉండాలని రూలట. అలా ఆయన దగ్గరికి చేరాయి. ఆ అల్మరా ఒక్కటి ముట్టుకోవద్దని ఏనీకి చెప్పాడు. ఎందుకో చెప్పలేదు.

షాలేమ్ రాజుకీ ఒక గ్లాసుంది కదా! మన స్టీలు గ్లాసు. నరసాపురంలో వాళ్ళమ్మ బతికున్నప్పుడు కొని, షాపులో మిషన్‌తో 'షాలేమ్ రాజు' అని పేరు కొట్టించింది. మనకి అది మామూలే. ఎవరింట్లో గిన్నె చూసినా పేరుంటుంది. దాన్ని చూసి ముసలాయన మురిసిపోయాడు. "మీకూ ఈ ఆచారముందా!" అని ఆ గ్లాసు తీసుకెళ్ళి తన వెండి గ్లాసుల పక్కన నిలబెట్టాడు. వీణ్ణి స్క్వాడ్రన్‌లో చేర్చుకున్నానన్నాడు.

"మరి నాది?" అంది ఏనీ.

"రోజూ దూరాలు పోయొచ్చేవాడు మీ అన్న. నువ్వు మా గ్రౌండ్ స్టాఫ్," అన్నాడట. ముగ్గురూ నవ్వుకున్నారు.

రెండేళ్ళ కిందట క్రిస్మస్ ముందు వచ్చిన పెద్ద మంచు తుపాను గుర్తుందా? మీలో చాలామంది అప్పటికి రాలేదు. గాలికి నిలబడ్డ లారీలు పక్కకి ఒరిగాయి. ఆ సాయంత్రం ఏనీ ఆ ఇంట్లోనే ఉంది. గాస్పార్ గారికి ఒంట్లో బాగాలేక పెందలాడే పడుకున్నాడు. షాలేమ్ రాజు ఫోన్ చేశాడు — "బయల్దేరానే. ఎంత లేటైనా వస్తా. నువ్వు మాత్రం కదలకు."

ఊరికే కూర్చుంటే భయమేస్తుందని ఏనీ పని పెట్టుకుంది. ఏం పనంటే... ఆ అల్మరా.

ముట్టుకోవద్దన్నాడు కదా అంటే, పెద్దాయన మొహమాటపడి అలా అన్నాడనుకుంది. ఆయన చేతులు వణుకుతాయి, వెండి నల్లబడిపోయింది, క్రిస్మస్‌కి తళతళలాడించి పెడితే సంతోషిస్తాడనుకుంది. ఊరి నుంచి తెచ్చుకున్న చింతపండు నానబెట్టి, ఒక్కొక్కటీ తోమింది. అసలక్కడ చాలా గ్లాసులు బోర్లించే ఉన్నాయి. మూడు మాత్రం నిలబెట్టి ఉన్నాయి. గాస్పార్ గారిది, లుసియాన్‌ది, వాళ్ళన్నది. నిలబెడితే దుమ్ము పడుతుంది కదా, తెలీక పెట్టాడు పాపం అనుకుంది.

కడిగిన గ్లాసుని మనమేం చేస్తాం? మా అమ్మ నేర్పింది, మీ అమ్మలూ నేర్పారు. నీళ్ళు కారిపోవాలి, పురుగూ పుట్రా పడకూడదు. బోర్లిస్తాం.

ఏనీ అన్నీ బోర్లించింది.

అల్మరా తలుపు వేసిందో లేదో... మేడ మెట్ల మీద గాస్పార్ గారు. ఎప్పుడు లేచాడో. చొక్కా గుండీలు పెట్టుకోలేదు. అల్మరా కేసే చూస్తున్నాడు.

"ఎవరు చేశారు?" అన్నాడు.

"నేనే తాతయ్యా... క్రిస్మస్ కదా... కడిగాను."

"కడిగినందుకు కాదు. బోర్లించింది ఎవరు?"

ఏనీకి అర్థం కాలేదు. "మా ఇళ్ళల్లో అలాగే పెడతాం తాతయ్యా."

ఆయన గోడ పట్టుకుని మెల్లగా దిగాడు. కుర్చీలో కూలబడ్డాడు.

"పైలట్ పోతే అతని గ్లాసు బోర్లిస్తాం," అన్నాడు. "ఇక రాడని. వాడి కోసం చూడొద్దని. లుసియాన్‌ది నేను బోర్లించలేదు... ఇన్నేళ్ళూ బోర్లించలేదు. వాడింకా పైనే తిరుగుతున్నాడని."

ఏనీ అల్మరా దగ్గరికెళ్ళింది. స్టీలు గ్లాసు కేసి చూసింది. అన్న పేరు తలకిందులుగా ఉంది.

"అయ్యో, తిప్పేస్తాను తాతయ్యా, ఇప్పుడే—"

"నువ్వు తిప్పితే లాభం లేదు. ఒకసారి బోర్లించాక, ఎవరి గ్లాసు వాళ్ళే వచ్చి తిప్పుకోవాలి. సొంత చేత్తో. వేరేవాళ్ళు తిప్పితే నిలవదు."

ఆయన లేచి, తన గ్లాసు తను తిప్పుకున్నాడు.

ఏనీ వినలేదు. వినే పిల్ల కాదు. అన్న గ్లాసు పట్టుకుని నిలబెట్టేసింది. ఫోన్ తీసి వాడికి చేసింది. మోగలేదు, వాయిస్‌మెయిల్‌కి పోయింది. మళ్ళీ చేసింది. మళ్ళీ అంతే... వెనక ఠంగుమని చిన్న చప్పుడు.

తిరిగి చూసింది. స్టీలు గ్లాసు బోర్లా పడి ఉంది.

అప్పుడే వినబడిందట — పైన. ఆ గాలిలో, ఆ మంచులో, పక్షి కూడా ఎగరని రాత్రి, ఇంటి మీద విమానం చప్పుడు. వెళ్ళట్లేదు. గుండ్రంగా తిరుగుతోంది. దగ్గరికొస్తోంది, దూరమవుతోంది, మళ్ళీ దగ్గరికొస్తోంది.

గాస్పార్ గారు పసుపు కండువా తీసి మెడకి కట్టుకున్నాడు. దీపం పట్టుకుని మెట్లెక్కబోతూ ఆగాడు.

"లుసియానూ, మీ అన్నా, ఇద్దరూ దారి వెతుక్కుంటున్నారు అమ్మాయీ," అన్నాడు. "నా దగ్గర దీపం ఒక్కటే ఉంది."

"అంటే?" అంది ఏనీ.

ఆయన దీపం పైకెత్తి పట్టుకున్నాడు. మేడమీదికి వెళ్ళిపోయాడు.

ఏనీ అక్కడే మోకాళ్ళ మీద కూలబడింది. 'మా అన్నని తీసుకురా ప్రభువా, ఇంకేం అడగను, మా అన్నని తీసుకురా' అని ఏడుస్తూ ప్రార్థన చేసింది. ఎంతసేపు చేసిందో దానికి తెలీదు. చప్పుడు ఇంటి మీదికి దిగి... దిగి... ఒక్కసారిగా ఆగిపోయింది.

తలుపు తెరుచుకుంది.

షాలేమ్ రాజు!

నెత్తి నుంచి కాలి దాకా మంచు. చిన్నగా నవ్వుతున్నాడు. ఏనీ ఒక్క ఉరుకున వెళ్ళి వాటేసుకుంది. "కారేదన్నా? దెబ్బ తగిలిందా? ఫోనెందుకు ఎత్తలేదు?" అని ఊపిరాడకుండా అడిగింది. కారు జారి రోడ్డు పక్క గోతిలో పడిందన్నాడు. దీపం కనిపించిందన్నాడు. దాన్ని చూసుకుంటూ వచ్చానన్నాడు.

ఆ సంతోషంలో అదొకటి గమనించలేదు పిల్ల. గుమ్మంలోనే ఆగి, వాడు టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు.

"అన్నా, నీ గ్లాసు... ఒక్కసారి తిప్పవా? ఎందుకని అడక్కు," అంది.

షాలేమ్ రాజు అల్మరా దగ్గరికెళ్ళాడు. తలుపు తీశాడు. చెయ్యి చాపాడు. స్టీలు గ్లాసు ఎదురుగానే ఉంది, తన పేరుతో. వాడి చెయ్యి దాన్ని దాటి పక్కకెళ్ళింది. ఒక వెండి గ్లాసు తీసి, నిలబెట్టాడు.

దాని మీద 'లుసియాన్' అనుంది.

మెట్ల మీద నుంచి గాస్పార్ గారు చూశాడు. ఫ్రెంచిలో ఏదో అన్నాడు. షాలేమ్ రాజు అదే భాషలో జవాబిచ్చాడు. మెల్లగా, తప్పుల్లేకుండా, చాలాసేపు మాట్లాడాడు.

ఒరేయ్, వాడికి ఫ్రెంచి రాదర్రా! ఇక్కడే శాశ్వతంగా ఉండిపోయే పీఆర్‌కి పాయింట్లు కలుస్తాయని ఫోన్‌లో యాప్ పెట్టుకుని బోంజూర్ దగ్గరే ఆగిపోయిన వెధవ!

ముసలాయన ఏడ్చాడు, నవ్వాడు. వాడి భుజాలు తడిమాడు. తర్వాత ఏనీ కేసి చూశాడట. ఆ చూపు తల్చుకుంటే ఇప్పటికీ నిద్ర పట్టదంటుంది. క్షమించమన్నట్టు ఉందట. తన గ్లాసు తను బోర్లించుకుని మేడెక్కాడు. తెల్లారేసరికి ప్రాణం పోయింది.

ఆయన చుట్టాలెవరో మాంట్రియల్ నుంచి వచ్చి సామాను తీసుకెళ్ళారు. ఏనీ స్టీలు గ్లాసు అడిగి తెచ్చుకుంది.

తర్వాత ఏడాదంతా షాలేమ్ రాజు మా చర్చిలోనే కూర్చున్నాడు. గుమ్మంలో టోపీ తీసి, చంకలో పెట్టుకుని, లోపలికొచ్చేవాడు. మర్యాదస్థుడైపోయాడు, నేనే మెచ్చుకున్నాను. పాట ఎత్తుకోడు. గోంగూర పచ్చడి వాసనే పడట్లేదన్నాడు. ఏనీ పసుపు చున్నీ ఒకటి మెడకి చుట్టుకుని వదిలేవాడు కాదు. పొగమంచు పట్టిన రాత్రి నిద్రపోడు. బూట్లు విప్పితే నేల మీద తెల్లగా ఉప్పు.

"ఇక్కడ రోడ్ల మీద ఉప్పే కదే చల్లేది," అన్నాను ఏనీతో.

"ఎండాకాలం కూడానా ఆంటీ?" అంది.

పరీక్షలు పాసయ్యాడు. ఆఖరికి స్టడీ పర్మిట్ ఎక్స్‌టెన్షన్ కూడా వాడి ఒంట్లోకి వచ్చినాయనే అప్లై చేసుకున్నాడర్రా! బయటివాళ్ళెవరూ అనుమానపడలేదు. స్టీలు గ్లాసు మాత్రం వాళ్ళ వంటింట్లో బోర్లించే ఉంది. "అన్నా, తిప్పవా," అని ఏనీ అడిగేది. "చూద్దాంలే," అనేవాడు. చెయ్యి వేసేవాడు కాదు.

అప్పుడే ఆ రోడ్డు కబుర్లు మొదలయ్యాయి. మెయిల్‌బాక్స్ దగ్గర ఎవడో, తలమీద టోపీ, తెలుగులో లిఫ్టు అడుగుతున్నాడని. ఆ మాట ఏనీ చెవిన పడ్డ రోజు నా దగ్గరికి పరిగెత్తుకొచ్చింది.

"ఆంటీ, లోపల చిన్న పని మిగిలిందంటున్నాడట... గ్లాసు తిప్పడానికి! మా అన్న ఇంకా రోడ్డు మీదే ఉన్నాడాంటీ. చలిలో తిరుగుతున్నాడు."

ఇంతవరకూ విన్నది చెప్పాను. ఇక్కణ్ణుంచి నేను చూసింది.

పోయిన చలికాలం, మంచు పడే రాత్రి, నేనే కారు తీశాను. ఎందుకు తీశానో ఆ ప్రభువుకే తెలియాలి. ఏనీ ఒళ్ళో స్టీలు గ్లాసు పట్టుకుని కూర్చుంది. ఆ ఇంటి గుమ్మం ముందు మెట్టు మీద దాన్ని బోర్లించి పెట్టి వచ్చింది. లైట్లు ఆర్పుకుని ఇద్దరం కార్లో కూర్చున్నాం. నేను వచ్చిన కీర్తనలన్నీ చదివేస్తున్నాను. రానివి కూడా.

పై కిటికీలో దీపం వెలిగింది.

మా కారు పక్కనుంచి ఎవరో నడిచి వెళ్ళారు. అడుగుల చప్పుడు లేదు. తలమీద టోపీ. గుమ్మం దాకా వెళ్ళి, వంగాడు... స్టీలు గ్లాసు రాతి మెట్టుకి తగిలిన చప్పుడు. అంతే. దీపం ఆరిపోయింది.

ఏనీ ఫోన్ మోగింది. 'అన్న' అని పడింది. స్పీకర్ నేనే నొక్కాను.

"చిట్టీ! ఎక్కడున్నావే? కారు జారి గోతిలో పడిపోయానే... కళ్ళు తెరిస్తే మన బేస్‌మెంట్‌లో ఉన్నాను! నన్నెవరు తీసుకొచ్చారు? ముసలాయన ఎలా ఉన్నాడు?... ఏనీ, ఏడుస్తున్నావెందుకు? క్రిస్మస్ కేకు కోసేశారా ఏంటి?"

మెట్టు మీద గ్లాసు నిలబడి ఉంది. అప్పుడే మంచు పడుతోంది అందులో.

ఆ ఆదివారం షాలేమ్ రాజు టోపీ తీయకుండా చర్చిలోకొచ్చి, శ్రుతి తప్పి పాడాడు. నేను ఏడ్చేశాను. ఇప్పటికీ ఏనీ ఆ గ్లాసు ఎవర్నీ ముట్టుకోనివ్వదు. కడిగి, తుడిచి, నిలబెట్టే ఉంచుతుంది.

"అదర్రా కథ," అన్నాను. పిల్లలెవరూ ప్లేట్లలో చెయ్యి పెట్టలేదు. "ఆ లుసియాన్ గ్లాసు ఆయన తిప్పుకున్నాడు, వీడిది వీడు తిప్పుకున్నాడు. ఇప్పుడక్కడ ఎవరూ లేరు. అయినా అటు వెళ్ళకండి. ఆఁ, చెప్పరా ప్రజ్వల్, ఇందాకట్నుంచి ఏంటి నీ గోల?"

ప్రజ్వల్ ప్లేటు కింద పెట్టేశాడు.

"ఎవరూ లేకపోతే... నేను ఎవరిని ఎక్కించుకున్న ఆంటీ?"

పిల్లలు ఒకరి దగ్గరికొకరు జరిగారు.

"మెయిల్‌బాక్స్ దగ్గర నిలబడ్డడు. తెలుగాయన కాదు, నా ఈడోడే. ఏం భాషనో, ఫ్రెంచ్ లెక్కుంది. మెడకి పసుపు కండువా. చలికి వణుకుతుండు పాపం."

"ఆ ఇంటికి తీసుకెళ్ళమన్నాడా?" అన్నాను.

"లేదాంటీ. ఆ ఇంటి దిక్కు చూడనే లేదు. దారి చేత్తోని చూపించిండు. ఈయన మాయం కూడా కాలే. దిగి, నవ్వి, లోపలికి పోయిండు."

"ఎక్కడ దింపావురా?"

"ఏనీ అక్క వాళ్ళ ఇంటి ముందు."

నేను ఫోన్ కోసం తడుముకుంటున్నాను. అప్పుడే కాలింగ్ బెల్ మోగింది. ఎవరూ లేవలేదు. నేనే వెళ్ళి తలుపు తీశాను.

ఏనీ నవ్వుతూ మంచు దులుపుకుంటోంది. "లేటైందా ఆంటీ? బయల్దేరబోతుంటే, ఎప్పుడూ లేనిది అన్న గిన్నెలన్నీ తనే కడుగుతానన్నాడు. కడిగి, సర్ది, ఇదిగో ఇప్పటికి."

దాని వెనక షాలేమ్ రాజు. నాకు తల వంచి నమస్కారం పెట్టాడు. గుమ్మంలోనే ఆగి, టోపీ తీసి, చంకలో పెట్టుకున్నాడు.

గ్లాసు ఎలా పెట్టాడో అడగడానికి నాకు నోరు రాలేదు.